అర్థమగు యంత్రము – మన అక్షరము
(ఉగాది ఉత్సవ సభయందలి ఉపన్యాసము)



పండుగనాడు కంప్యూటరు ప్రసంగమెందుకని మీకు తోచవచ్చును. కోవిల్పట్టి, విరుదునగరులలో మన పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు. బడిలో తమిళము, ఇంగ్లీషు చదువుదురు. మన లిపి వారి కంటబడునది ఎక్కువగ సెల్‌ఫోనులోను, కంప్యూటరులోనే. కనుక ఆ యంత్రమెట్లుండవలెనన్నది మన ఇంటి సంగతి కూడ.

రైల్వే కొలువులోని మేము ఒక మార్పు చూచితిమి. పాత కేబినులో లివరు లాగిన కడ్డీ కదలి, పాయింట్లు మారి, తాళము పడిన పిదపనే సిగ్నలు చేయి వాలెడిది. లోపమెచ్చటనో కంటితో వెదుకవచ్చును. నేటి ఎలక్ట్రానిక్ ఏర్పాటులో శ్రమ తగ్గెను, వేగము హెచ్చెను. కాని లోపలి నడక చూపునకందదు. ఒకటి పొందుటకు ఒకటి విడువవలసి వచ్చెను.

కంప్యూటరులోను ఇదే బేరము. స్విట్జర్లాండులోని జూరిక్ నగరమున నిక్లాస్ విర్త్, యూర్గ్ గుట్‌క్నెహ్ట్ అను పండితులు ఒబెరాన్ అను వ్యవస్థను నిర్మించి, 1992లో దాని ప్రోగ్రాములతో సహా ఒక గ్రంథము వెలువరించిరి. ఒక్క మనిషి చదివి మొత్తము గ్రహింపగలుగుట వారి ఆశయము. అందుకై ఒకేసారి పలువురు వాడుకొను సదుపాయమును విడిచిరి. 2013 నాటి కూర్పుకై విర్త్ ప్రాసెసరును కూడ తానే రూపొందించెను.

అయితే పొదుపు పేరిట ఏది విడువవచ్చును? ఇంగ్లీషునకు అక్షరములు వరుసగ పేర్చిన చాలును. మన ‘స్త్రీ’ అట్లు కాదు. స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారము – ఈ 6 సంకేతములు కలిసి ఒక్క అక్షరమగును. వాటిని కూర్చు భాగము బరువని తీసివేసిన యంత్రము తేలికయగును. మన లిపి ముక్కలగును.

కావున మా మనవి ఇది. మొదట, వ్రాత యూనికోడ్‌లో నిలువవలెను. పూర్వము ఫాంటుకొక పద్ధతి ఉండుటచే, ఆ ఫాంటు లేనిచోట పెద్దల వ్రాతలు పిచ్చిగీతలయ్యెను. రెండవది, అక్షరము కూర్చు భాగము ఉండవలెను. అది చిన్నదిగ, చదివిన తెలియునట్లుగ ఉండవలెను. హంగులు, కదలు బొమ్మలు పోయినను, వేగము కొంత తగ్గినను సహింతము.

ఇంజనీరింగు చదువు మన బిడ్డలారా, ‘స్త్రీ’ తెరపై ఎట్లు పుట్టుచున్నదో విప్పి చూచి, తమ్ములకు, చెల్లెండ్రకు చెప్పుడు. చేదని వేపపువ్వు తీసివేసిన అది ఉగాది పచ్చడి కానేరదు గదా!