దల్మా కొండ నీడలో తీరిక వేళ



కొండ ఊరు అనగానే ఉదకమండలమో, డార్జిలింగో, అరకులోయో స్ఫురించుట సహజం. జంషెడ్‌పూర్ అనగానే స్ఫురించేవి కొలిమి, పొగగొట్టం, ఉక్కు. అయితే ఝార్ఖండ్ రాష్ట్రంలోని ఆ పారిశ్రామిక నగరానికి ఉత్తరాన దల్మా కొండల వరుస గోడ కట్టినట్లు నిలిచి ఉన్నది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు నగరాన్ని ఒరుసుకొని పారి, దోముహాని అనే చోట కలుసుకొంటున్నవి. దోముహాని అనగా రెండు ముఖాలు కలది అని అర్థం. కొండ, నది, అడవి ఇంత చేరువలో ఉన్న పారిశ్రామిక నగరాలు మన దేశంలో అరుదు.

ఇట్టి ఊరిలో ఆరుబయట ఆనందించుటకు ఏమేమి కలవో చెప్పుట తేలిక. కాని ఆ ఆనందం సామాన్యునికి అందవలెనంటే మూడు సమకూడవలెను. మొదటిది తీరిక, రెండవది తావు, మూడవది ఆ తావును ఇతరులతో పంచుకొనే సంస్కారం. ఈ మూడింటికీ జంషెడ్‌పూర్ చరిత్రలో నిదర్శనాలు ఉన్నవి.

తీరిక ఎక్కడి నుండి వచ్చినది? 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడినది. సాక్చి అనే పల్లె పరిసరాలను కర్మాగారానికి ఎంపిక చేశారు. 1912 ఫిబ్రవరిలో అక్కడ తొలి ఉక్కు తయారైనది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని నామకరణం చేశారు. కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం 1912లోనే అమలులోకి వచ్చినది. అంతకు ముందు సంవత్సరం వచ్చిన ఫ్యాక్టరీల చట్టం జౌళి మిల్లులలో పురుషుల పనిని రోజుకు 12 గంటలకు పరిమితం చేయుటయే గొప్ప సంస్కరణగా భావించిన కాలమది. 1920లో వేతనంతో కూడిన సెలవు వచ్చినది. 1920, 1922, 1928 సంవత్సరాలలో కార్మికులు సమ్మెలు సాగించారు. సుభాస్ చంద్ర బోసు అక్కడి కార్మిక సంఘానికి అధ్యక్షుడుగా పనిచేశారు. యజమాని దూరదృష్టి, కార్మికుని పట్టుదల రెండూ కలిసినందువలననే అలసిన దేహానికి సాయంకాలం దక్కినదని గ్రహించవలెను. పండ్రెండు గంటలు కొలిమి ముందు నిలిచినవానికి ఎంత చక్కని తోట ఉన్నా నిరుపయోగమే.

ఇక తావు సంగతి. జంషెడ్‌జీ టాటా 1904లో మరణించారు. తన పేరు దాల్చిన నగరాన్ని ఆయన చూడలేదు. కాని 1902లో కుమారుడు దోరాబ్జీకి వ్రాసిన లేఖలో, కట్టబోయే ఊరిలో విశాలమైన వీథులు, నీడనిచ్చే చెట్లు, పచ్చిక బయళ్లు, ఆటస్థలాలు, అన్ని మతాలవారికి ప్రార్థనా స్థలాలు ఉండవలెనని ఆయన సూచించారు. ఇండ్లు కట్టిన పిదప మిగిలిన చోట తోట వేయుట ఒక పద్ధతి. తోటకు చోటు విడిచి ఇండ్లు కట్టుట మరొక పద్ధతి. ఆయన కోరినది రెండవది. తరువాత కెన్నెడీ, టెంపుల్, స్టోక్స్, కోనిగ్స్‌బర్గర్ అనే ప్రణాళికా నిపుణులు వేరువేరు కాలాలలో నగర రూపాన్ని తీర్చిదిద్దారు. కంపెనీ స్వర్ణోత్సవ కానుకగా ప్రజలకు లభించిన జూబిలీ పార్కును 1958 మార్చి 1వ తేదీన ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. మైసూరు బృందావన ఉద్యానాన్ని ఆదర్శంగా తీసుకొని నిర్మించిన ఈ తోటలో గులాబీ మళ్లు, నీటి చిమ్ములు, జయంతి సరోవరం ఉన్నవి. ఏటా మార్చి 3న, జంషెడ్‌జీ జయంతి సందర్భంగా, తోటను దీపాలతో అలంకరిస్తారు. కీనన్ స్టేడియం, 1987లో వెలసిన ఫుట్‌బాల్ అకాడమీ, 1996లో నెలకొన్న విలువిద్య అకాడమీ ఈ ఊరి క్రీడాభిలాషకు తార్కాణాలు.

అయితే నగరం ప్రణాళికను మించి పెరిగినది. కంపెనీ నిర్వహణకు వెలుపల వెలసిన బస్తీలలో ఈ సదుపాయాలు అదే తీరున లేవు. కనుకనే అందరికీ తలుపు తెరచిన తోట, నదీతీరం, కొండ బాట మరింత విలువైనవి.

ఈ నగరానికి ఉపాధి కొరకు వచ్చినవారిలో బెంగాలీలు, ఒరియావారు, బీహారీలు, పంజాబీలు, తమిళులు, గుజరాతీలు ఉన్నారు. తెలుగువారు ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వచ్చారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి చిహ్నం. ఈ నేలకు మొదటి నుండి చెందినవారు సంతాల్, హో, భూమిజ్ తదితర ఆదివాసులు. మకర సంక్రాంతి నాడు సువర్ణరేఖ తీరంలో టుసు పండుగ జరుగుతుంది. పుష్య మాసమంతా టుసును కొలిచి పాటలు పాడిన ఆడపిల్లలు, రంగు కాగితాలతో అలంకరించిన చౌడల్ అనే పల్లకీని ఊరేగించి నదిలో నిమజ్జనం చేస్తారు. ధనుర్మాసమంతా గొబ్బెమ్మలు పెట్టి పాడే సంప్రదాయం తెలిసిన తెలుగు ఆడపడుచుకు ఆ దృశ్యం పరాయిదిగా తోచదు. భాష వేరైనను పంట ఇంటికి వచ్చిన సంతోషం ఒక్కటే.

ఇప్పుడు దల్మా వైపు నడువవలెను. సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున్న ఈ కొండ హిమాలయ శిఖరాల ముందు గుట్ట వంటిదే. కాని పెద్ద శిఖరాలకు తొలి మెట్టు చిన్న కొండయే. 1984 మే 23న ఎవరెస్టును అధిరోహించిన తొలి భారతీయ మహిళ బచేంద్రీ పాల్, అదే సంవత్సరం జంషెడ్‌పూర్‌లో ఏర్పడిన టాటా స్టీల్ సాహస క్రీడల సంస్థకు దీర్ఘకాలం సారథ్యం వహించారు. ఆ నగరంలో ఇద్దరు కుమార్తెలను పెంచుకొంటున్న గృహిణి ప్రేమలతా అగర్వాల్, ముప్పది ఐదేండ్లు దాటిన తరువాత దల్మా కొండ నడక పోటీలో పాల్గొన్నారు. ఆ నడకయే ఆమెను బచేంద్రీ పాల్ శిక్షణలోనికి చేర్చినది. 2011 మే 20న, 48వ ఏట, ఆమె ఎవరెస్టును అధిరోహించారు. 2013లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను పూర్తి చేసిన తొలి భారతీయ మహిళగా గుర్తింపు పొందారు. తెలుగునాట మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేండ్లు నిండకముందే ఎవరెస్టును చేరినది. ఆమె ఎక్కుట నేర్చినది భువనగిరి బండపైన. ఒకరికి దల్మా, మరొకరికి భువనగిరి. ఊరికి చేరువలోని కొండయే ఇద్దరికీ గురువైనది.

దల్మా కేవలం నడకదారుల సొత్తు కాదు. 193 చదరపు కిలోమీటర్లకు పైబడిన అభయారణ్యం అది. 2001లో దేశంలో తొలిసారిగా ప్రకటించిన సింగ్‌భూమ్ ఏనుగుల సంరక్షణ ప్రాంతంలో భాగం. ఇక్కడి ఏనుగులు వరి పండే కాలంలో పశ్చిమ బెంగాల్ వైపు తరలిపోయి, తిరిగి వస్తుంటవి. వేసవిలో నీటి గుంటల వద్ద గుమిగూడుతవి. అడవిలో గుగ్గిలం, ఇప్ప, మోదుగ, తునికి చెట్లు ఉన్నవి. శ్రీకాకుళం మన్యం చూసిన విద్యార్థికి ఇవన్నీ ఎరిగిన చెట్లే. ఇప్పపూలు ఏరుట, తునికాకు కోయుట అక్కడి పల్లెలకు జీవనాధారం. వినోదయాత్రికుడు నిర్లక్ష్యంగా పారవేసిన నిప్పురవ్వ, ఎండుటాకులు పేరుకొన్న ఆ వేళ, వేరొకరి కూటిని కాల్చివేస్తుంది.

వేసవిలో ఆదివాసులు దల్మాపై సేంద్రా జరుపుతారు. ఇది అనాదిగా వచ్చిన వేట పండుగ. అడవి దేవతలను కొలిచి, విల్లంబులతో కొండనెక్కుతారు. సంతాల్ సంప్రదాయంలో వేట వేళ కూడే సభ తగవులు తీర్చే న్యాయస్థానం కూడ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించినది. అటవీ శాఖవారు జంతువులను కాపాడవలెనందురు. ఆదివాసి పెద్దలు ఆచారాన్ని నిలుపుకొనవలెనందురు. పూజను, కొండ ఎక్కుటను నిలుపుకొని, వేటను నామమాత్రంగా జరుపవలెనని సంప్రదింపులు సాగుతూ వచ్చినవి. నగరవాసికి ఒక్క సెలవుదినపు ఆటవిడుపైన కొండ, మరొకరికి దేవత కొలువు. ఈ ఎరుక లేని విహారం అతిథి ధర్మం కానేరదు.

కొండ పాదాన ఉన్న డిమ్నా సరస్సు శీతకాలంలో వనభోజనాలకు ప్రసిద్ధి. నగరానికి నీరందించుటకు నిర్మించిన జలాశయం అది. దానికొరకు భూములు వదులుకొన్న గ్రామీణుల వారసులు తమ హక్కులను గురించి విన్నవించుకొంటూనే వచ్చారు. సుందరమైన ఆ నీటి అంచున కూర్చొన్నవారు, ఆ నీటి అడుగున ఒకనాడు పొలాలు ఉండెనని మరువరాదు. విస్తరాకులు, సీసాలు అక్కడ విడిచిపెట్టి రాకుండుట కనీస మర్యాద.

ప్రతి ఊరికీ దల్మా లేకపోవచ్చును. చెరువు గట్టో, గుట్టో, ఏటి ఒడ్డో, పాఠశాల మైదానమో ఉండకపోదు. విద్యార్థులు నెలకొక ఆదివారం జట్టుగా అక్కడికి నడచి పోవలెను. ఆ చెట్ల పేర్లు, ఆ తావును నమ్ముకొని బ్రతికే మనుషుల భాష, పండుగలు తెలుసుకొనవలెను. ఆ చోటు ఆక్రమణకు గురికాకుండ పెద్దలను అడుగవలెను. ఒకే బాటలో నడచినవారు దప్పిక వేళ ఒకే కూజా నీరు త్రాగుతారు. అప్పుడు నీది ఏ భాష అనే ప్రశ్న కంటె ఇంకెంత దూరం అనే ప్రశ్నయే ముందు వస్తుంది. జాతీయ సమైక్యత పాఠ్యపుస్తకంలో అర్థమగుటకు ముందే ఇట్టి బాటలలో అలవాటు కావలెను.