చందా ఒక్కటే చాలదు
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగం)



పాఠశాలలో చిన్న ప్రదర్శనశాల నెలకొల్పుదామనగానే ఎదురైన మొదటి ప్రశ్న, ధనమెక్కడిదని. ఈ సందర్భంలో నాకు తిరువయ్యారు గుర్తుకు వస్తుంది.

1847లో పరమపదించిన త్యాగరాజస్వామి సమాధి కాలక్రమాన శిథిలమైంది. 1921లో ఆ దుస్థితి తెలిసికొన్న బెంగుళూరు నాగరత్నమ్మగారు స్థలం సంపాదించి, కచేరీలలో ఆర్జించిన స్వధనం వెచ్చించి ఆలయం కట్టించారు. 1925లో కుంభాభిషేకం జరిగింది. అయినను ఆరాధనోత్సవాలలో స్త్రీలు పాడరాదన్నారు. ఆలయం కట్టించిన ఆమెకే గానార్చనాభాగ్యం లేకపోయింది! ఆమె వెనుదీయక 1927లో స్త్రీల బృందాన్ని సమకూర్చి వేరుగా ఆరాధన జరిపించారు. 1940 ప్రాంతంలో వర్గాలు ఏకమైనవి. స్త్రీలకూ స్థానం లభించింది. 1952లో కన్నుమూయకమునుపే ఆమె తన ఆస్తిని ఆ సమాధి సేవకే వ్రాసియిచ్చారు.

ధనం గోడలు కట్టగలదు. అచ్చట తమకూ చోటున్నదన్న నమ్మకమే జనాన్ని ఏటేటా రప్పించగలదు.

కనుక నా విన్నపం రెండు విధాలు. నిర్వహణకై ప్రతి కుటుంబమూ ఏటా యథాశక్తి చందా ఇవ్వాలి. అట్లే ప్రతి ఇంటినుండి ఒక పాత వాచకమో, పలకో, ఛాయాచిత్రమో రావాలి. వాటిని గురించి పిల్లలే అతిథులకు తెలుగులో వివరించాలి. పెద్ద మొత్తాలిచ్చిన దాతల పేర్లతోపాటు గంట కొట్టినవారి, తరగతులు ఊడ్చినవారి పేర్లుకూడ ఆ గోడపై ఉండాలి. వారిని విస్మరిస్తే మన చరిత్ర అసమగ్రం.