రిఫ్రిజిరేటరుతో కాపురము

ఎండకాలము వచ్చినదనగా మన యిండ్లలో రెండు ప్రసంగములు వినబడును: ఒకటి ఆవకాయను గూర్చి, రెండవది రిఫ్రిజిరేటరును గూర్చి. ఆవకాయకు రిఫ్రిజిరేటరుతో పనిలేదు. ఉప్పు, కారము, ఆవపిండి, నూనె కలిసి దానిని ఏడాది పొడుగునను కాపాడును. పాలకును, పెరుగునకును, నిన్నటి పప్పునకును ఆ భాగ్యము లేదు. ఇంట మధుమేహముగల పెద్దలున్నచో వారి ఇన్సులిను సీసాకు అసలే లేదు. అట్టి యంత్రమునకై లక్షయో రెండు లక్షలో వెచ్చింప సిద్ధపడు కుటుంబములు నేడు మన పట్టణములలో అరుదు కావు. ఆ ధనమునకు ఏమి లభించును, ఏమి లభింపదు, తెచ్చిన పిదప దానితో కాపురము ఎట్లు చేయవలెను అను విషయములనే ఇప్పుడు ముచ్చటింతును.

చల్లదనము కొనుక్కొనదగిన సరుకుగా మన దేశమునకు ఓడమీద వచ్చినది. ఫ్రెడరిక్ ట్యూడర్ అను అమెరికా వర్తకుడు 1833లో బోస్టన్ రేవునుండి పంపిన మంచుగడ్డలు నాలుగు నెలలు సముద్రముపై పయనించి, దారిలో కొంత కరగి, మిగిలినంత కలకత్తా చేరినవి. మద్రాసు సముద్రతీరమున ఆ మంచును దాచుటకై కట్టిన ఐస్ హౌసు నేటికిని నిలిచియున్నది. 1897లో స్వామి వివేకానందులు అందు బస చేసిరి; నేడది వారి పేరనే పిలువబడుచున్నది. మన దేశమున రిఫ్రిజిరేటర్ల తయారీకి 1958లో గోద్రెజ్ సంస్థ పూనుకొన్నది. ఆ దినములలో వీధికొక్కటి యున్న గొప్ప. ఇరుగుపొరుగువారు ఐసుముక్కలకై గిన్నెలు పట్టుకొని వచ్చెడివారు.

ఇక యంత్రము చేయు పనిని చూతము. అది చల్లదనమును పుట్టించునని చాలమంది తలంతురు. కాని, బావినుండి నీరు తోడినట్లు, లోపలి వేడిని తోడి బయట పారబోయుటయే దాని పని. కంప్రెసరు ఒక వాయువును అదిమి వేడెక్కించును. ఆ వేడి వెనుకనో ప్రక్కలనో ఉన్న గొట్టములద్వారా వంటయింటిలోనికి పోవును. అట్లు చల్లారి ద్రవమైనది సన్నని గొట్టమున దూరి, లోపల మరల ఆవిరియగుచు, అచ్చటి వేడిని పీల్చుకొనును. కావున రిఫ్రిజిరేటరును గోడకు ఆనించి, ప్రక్కలను అలమరలతో బిగించువారు తోడిన నీటిని మరల బావిలోనే పోయుచున్నారన్నమాట. మే నెల మధ్యాహ్నమున, పొయ్యి ప్రక్కన, గాలి ఆడని మూల నిలిచిన యంత్రము ఎంత ఖరీదైనదైనను ఆయాసపడక తప్పదు. తయారుచేసినవారు ఇచ్చిన పుస్తకమున ఎన్ని అంగుళములు విడువవలెనో వ్రాసియుండును. వడ్రంగిని పిలువకముందే ఆ పుట చదువుట మేలు.

ఆ వాయువుకును ఒక కథ కలదు. 1928లో థామస్ మిడ్జ్‌లీ బృందము కనిపెట్టిన ఫ్రియాను మండదు, విషము కాదు. అందుచే ప్రపంచమంతట వ్యాపించినది. కాని అట్టి వాయువులు ఆకాశమునందలి ఓజోను పొరను తినివేయునని 1974లో మొలీనా, రోలండ్ అను శాస్త్రజ్ఞులు హెచ్చరించిరి. 1987 నాటి మాంట్రియల్ ఒడంబడికతో వాటికి కళ్లెము పడినది. నేడు ఇండ్లలోని కొత్త యంత్రములలో ఐసోబ్యూటేనును విరివిగా వాడుచున్నారు. ఇది మన వంటగ్యాసునకు దాయాది, మండు స్వభావము కలది. ఒక్కొక్క యంత్రమున కొన్ని పదుల గ్రాములకు మించి ఉండదు గనుక భయపడ నక్కఱలేదు. అయితే గట్టిపడిన మంచును కత్తితో గీకుట మాత్రము కూడదు. గొట్టమునకు చిల్లిపడిన యెడల యంత్రమునకు చేటు, మనకును ముప్పు.

ఎక్కువ వెల దేనికి ఇయ్యవలెను? సామాన్యపు ఫ్రాస్ట్‌ఫ్రీ రిఫ్రిజిరేటరులో చలిని కలిగించు తీగచుట్ట ఒక్కటియే. అది ఫ్రీజరు భాగమున ఉండును. ఒక ఫ్యాను అచ్చటి గాలిని రెండవ గదిలోనికి నెట్టును. ఆ గాలి మిక్కిలి పొడిగా ఉండును. తేమ తీగచుట్టపై మంచుగా పేరుకొని, వేళకు వెలుగు హీటరుచే కరగి, అడుగున పళ్లెములో పడి ఆవిరియైపోవును. అందుచే మూత లేక పెట్టిన తోటకూర త్వరగా వడలును. గాలి ఉమ్మడి యగుటచే చేపముక్కల వాసన ఐసుగడ్డకును అంటును. ఖరీదైన వానిలో రెండు గదులకు రెండు వేర్వేరు తీగచుట్టలుండును. కొన్నిటిలో కంప్రెసర్లే రెండు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు మాడిసన్ నగరమున 1945లో పుట్టిన సబ్-జీరో సంస్థ ఈ పద్ధతికిని, అలమరల లోతుకు సరిగా గోడలో ఇముడు యంత్రములకును పేరుపడినది. మన అంగళ్లలోని పెద్ద యంత్రములలో పలువురు తయారీదారులు రెండు తీగచుట్టల ఏర్పాటును ఇచ్చుచున్నారు. ఎక్కువ ధనము పెట్టుటకు నాకు తోచిన న్యాయమైన కారణములలో ఇదియే మొదటిది.

రెండవది ఇన్వర్టరు కంప్రెసరు. పాతది వెలుగుచు ఆరుచు నుండగా, ఇది అవసరమును బట్టి వేగము మార్చుకొనుచు మెల్లగా తిరుగును. చప్పుడు తక్కువ, విద్యుత్తు తక్కువ. కరెంటు పోయినపుడు దీపములు వెలిగించు బ్యాటరీ ఇన్వర్టరుకును దీనికిని సంబంధము లేదు. ఈ రెంటిని కలగలిపి చెప్పు అమ్మకపువారున్నారు, జాగ్రత్త.

తలుపుమీద సినిమా చూపు అద్దముల మాట ఎత్తకుందును. పెట్టె పదునైదేండ్లు పనిచేయవచ్చును గాని ఆ తెర అన్నాళ్లు కొత్తగా నుండదు. తలుపులోనుండి నీరు, ఐసు ఇచ్చు ఏర్పాటు ముచ్చటైనదే. దానికి చాలవఱకు నీటిగొట్టము, వడపోత వలయును. మన జిల్లాలలో బోరునీరు ఎంత గట్టిదో టీ కాచు గిన్నెకు పట్టిన తెల్లని పొరను చూచిన తెలియును. ఆ పొరయే అచ్చటి సన్నని గొట్టములకును పట్టును.

ఆకృతి విషయము మన వంటకు ముఖ్యమైనది. నిలువునా రెండుగా చీలిన సైడ్-బై-సైడ్ రకము చూచుటకు రాజసముగా నుండును. కాని రెండు గదులును ఇరుకు. ఇడ్లీపిండి గిన్నె, పెండ్లివారు పంపిన సారె పళ్లెము అందు పట్టుట కష్టము. సగమునకు దగ్గరగా ఫ్రీజరే ఆక్రమించును. మాంసము, చేపలు నెలకు సరిపడ నిలువచేయు ఇంటికి అది తగును గాని, దినదినము కూరలు తెచ్చుకొను ఇంటికి అంత ఫ్రీజరు ఎందులకు? పైన వెడల్పైన గదియు, క్రింద ఫ్రీజరు సొరుగును గల రకము మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు హాయి. నిత్యము కావలసిన పాలు, కూరలు వంగకుండ అందును. అంగడికి పోవునపుడు ఇంటిలోని అన్నింటికన్న వెడల్పైన గిన్నెను కొలిచి, కొలతనే కాదు, వీలైన గిన్నెనే తీసికొనిపొండు. నగువారు నగుదురుగాక.

గుమ్మముల కొలత అంతకన్న ముఖ్యము. మా ఎఱుకలోని ఒక గృహస్థు మూడవ అంతస్తుకు పెద్ద యంత్రమును తెప్పించెను. అది లిఫ్టులో పట్టలేదు; నలుగురు మనుషులు మెట్లమీద మోసిరి; తుదకు వంటయింటి గుమ్మమువద్ద రెండంగుళములకు ఆగిపోయెను. పది దినములు హాలులో సోఫా ప్రక్కన నిలిచి, వచ్చిన చుట్టములకెల్ల మజ్జిగ యిచ్చినది.

విద్యుత్తు ఖర్చునకు నక్షత్రముల చీటిని చూచుట అందఱెఱిగినదే. ఫ్రాస్ట్‌ఫ్రీ యంత్రములకు ఆ చీటి 2010 నుండి తప్పనిసరి. నక్షత్రములు పరిమాణమును బట్టి ఇయ్యబడును గనుక, పెద్ద యంత్రమునకు నక్షత్రములెక్కువ యున్నను చిన్నదానికన్న ఎక్కువ కరెంటు కాల్చవచ్చును. పైగా ప్రమాణములు కాలక్రమమున కఠినమగుచున్నవి. పాత చీటి మీది ఐదు నక్షత్రములు నేటి ఐదు కావు. సంవత్సరమునకు ఇన్ని యూనిట్లని వ్రాసిన అంకెను చదువుడు. రెండు యంత్రములకు 150 యూనిట్ల తేడా యున్నదనుకొందము. యూనిటు 8 రూపాయలైనచో ఏటికి 1200; పన్నెండేండ్లకు 14,400 రూపాయలు. వెలల తేడాను దీనితో పోల్చి చూడవలెను.

యంత్రము ఇంటికి వచ్చినది. ఇక కాపురము. క్రింది గది 4 డిగ్రీల దగ్గఱ, ఫ్రీజరు సున్నకు దిగువ 18 డిగ్రీల దగ్గఱ ఉండవలెను. తలుపుమీది అంకెను నమ్మక, చిన్న ఉష్ణమాపకమును గ్లాసెడు నీటిలో ఉంచి, మఱునాడు చూచుట మంచిది. లోపల అన్ని చోట్లును ఒక్కటి కాదు. తలుపు అరలు వెచ్చన. మాటిమాటికి తెఱచుటచే ఇంకను వెచ్చన. చల్లగాలి వచ్చు రంధ్రమువద్ద గడ్డకట్టు చలి.

ఇన్సులిను మాట ఇచ్చట చెప్పవలెను. ఇంకను వాడుకకు తెఱవని సీసా 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉండవలెను. మనవారు దానిని తలుపులో, వెన్నప్రక్కన, పెట్టుట అలవాటు. అది చోటు కాదు. గాలిరంధ్రమునకు ఎదురుగాను, ఫ్రీజరునకు ఆనియు పెట్టరాదు. ఒకమారు గడ్డకట్టిన ఇన్సులిను కరగిన పిదప చూపునకు మంచిదివలె ఉన్నను పనికిరాదు, పారవేయవలసినదే. నడిమి అరలో, మూతగల డబ్బాలో, పేరు వ్రాసి యుంచుడు. ఇంటిలోని వారందఱికి ఆ డబ్బా తెలిసియుండవలెను.

కూరగాయలలో కొన్నిటికి చలి పడదు. అరటిపండు నల్లబడును. ఉర్లగడ్డ తీపెక్కును. టొమాటో రంగు చెడకయే రుచి కోల్పోవును. చలిలో వాసననిచ్చు పదార్థములు తయారగుట తగ్గునని 2016లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది. ఉల్లి, వెల్లుల్లి బుట్టలోనే సుఖముగా నుండును. కరివేపాకు, కొత్తిమీర, గోంగూరలను తడి తుడిచి, పలుచని బట్టలో చుట్టి, మామిడిపండ్లకు దూరముగా క్రింది సొరుగున పెట్టవలెను; పండ్లు విడుచు వాయువు ఆకులను త్వరగా పండించును.

వండిన అన్నమును రాత్రంతయు బయట ఉంచి ఉదయము చలిలో పెట్టుట వ్యర్థము. అందలి సూక్ష్మజీవులు అంతలోపలనే విషమును విడువవచ్చును, మరల వేడిచేసినను ఆ విషము పోదు. చద్దన్నమునకు మజ్జిగ పులుపు కావలి కాయును. ఉత్త అన్నమునకు ఆ కావలి లేదు. ఆవిరి తగ్గిన రెండు గంటలలోపల, లోతులేని గిన్నెలో, మూతపెట్టి లోనికి చేర్చుడు. ఇచ్చట నొక మాట అనకుండలేను. పూర్వము మిగిలిన కూర ఆ పూటనే పనిమనిషికో పొరుగు పిల్లవానికో చేరెడిది. నేడు మూడు దినములు చలిలో మగ్గి, ఇంటివారికి విసుగుపుట్టిన పిదప ఆ చేతికి పోవుచున్నది. ఈయదలచినది వండిననాడే ఈయవలెను.

తలుపుచుట్టు నున్న రబ్బరును నెలకొకమారు గోరువెచ్చని సబ్బునీటితో తుడువుడు. ఒక కాగితమును సందున పెట్టి తలుపు మూసి లాగుడు. తేలికగా ఊడివచ్చెనేని అచ్చట చలి కారుచున్నది.

మన తీరమున తుఫానులు కొత్త కావు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను తాకినపుడు నగరము దినములతరబడి చీకటిలో నుండెను. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ ఇండ్లలోనికి వచ్చినపుడు రిఫ్రిజిరేటర్లే నీట మునిగినవి. నీట మునిగిన యంత్రమును ఆరినదిగదా యని కరెంటుకు తగిలింపరాదు, పనివానిని పిలువవలెను. ఉత్త కరెంటు పోయినపుడు తలుపు తెఱవకున్న, క్రింది గది సుమారు నాలుగు గంటలు చలి నిలుపును. నిండుగానున్న ఫ్రీజరు రెండు దినములు, సగము నిండినది ఒక దినము నిలుపును. ఊరికి పోవునపుడు ఒక చిన్న గిన్నెడు నీటిని ఫ్రీజరులో గడ్డకట్టించి, దానిపై ఒక రూపాయి బిళ్ల ఉంచిపొండు. తిరిగివచ్చి చూచునప్పటికి బిళ్ల పైననే ఉన్నచో మంచిదే. అడుగున ఉన్నచో, మీరు లేనప్పుడు కరెంటు చాలసేపు పోయి, అంతయు కరగి, మరల గడ్డకట్టినదని అర్థము. అందలి మాంసమును, పాలపదార్థములను ముట్టక పారవేయవలెను.