హ్యూస్టన్‌లో పెరటి తోట

మా అబ్బాయి ఉండే హ్యూస్టన్ ఢిల్లీకన్నా కాస్త ఉత్తరాన ఉంది; ఉక్క మాత్రం మన కాకినాడదే. టమాటా నారు మార్చిలోనే నాటాలి. జూన్ వస్తే రాత్రిళ్లు 24 డిగ్రీలు దాటి పూత రాలిపోతుంది. ఆపైన బెండ, బచ్చలి, గోంగూరలదే రాజ్యం. నేల జిగట మట్టి, నీరు నిలుస్తుంది, మళ్లు ఎత్తుగా కట్టాలి.

కరివేపాకు తొట్టిలోనే ఉండాలి. 2021 ఫిబ్రవరిలో చలి మైనస్ 10 డిగ్రీలకు దిగింది. కరెంటు పోయింది. మా కోడలు తొట్టిని ఇంట్లోకి తెచ్చి, పిల్లలకు కప్పగా మిగిలిన ఒక్క దుప్పటీ దానికి చుట్టింది. ఆకంతా రాలినా మొదట్లో చిగురు వేసింది.

అక్కడికి వెళ్లేవారు అనుమతి లేకుండా విత్తనాలు, కరివేపాకు పెట్టెలో పెట్టుకోకండి, విమానాశ్రయంలో తీసేసుకుంటారు. గోంగూర గింజలు అక్కడి మనవాళ్లే ఇస్తారు.