ఇంకా పేరు చెక్కని సమాధి: మా అమ్మమ్మ గురించి నాలుగు మాటలు

(ఒక అధ్యయన బృందం సమావేశంలో చదివిన ప్రసంగ పాఠం. వక్త కోరిక మేరకు మనుషుల పేర్లు, ఊరి పేరు ఇవ్వడం లేదు.)



మా అమ్మమ్మ పోయి ఏడాదయింది. పోయిన వారం ఊళ్లో జ్ఞాపకార్థ కూడిక జరిగింది. పాస్టర్ గారు వాక్యం చెప్పారు, బంధువులు సాక్ష్యాలు చెప్పారు, అందరం భోజనాలు చేశాం. నన్నూ మాట్లాడమన్నారు. లేచి నిలబడ్డాను కానీ రెండు మాటలకే కూర్చున్నాను. నేను చెప్పాలనుకున్నది అక్కడ చెప్పేది కాదు. ఇక్కడ చెప్పే ముందు ఈ కాగితం మా మామయ్యకు చదివి వినిపించాను. చాలాసేపు ఊరుకుని, "పేర్లు లేకుండా చెప్పు" అన్నాడు. అందుకే ఈ రోజు అమ్మమ్మ పేరు మీకు చెప్పలేను. ఎవరినైనా తలుచుకునేటప్పుడు మొదట చెప్పేది పేరే కదా. నాకు ఆ వీలు కూడా లేదు.

అమ్మమ్మది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. ఆ ప్రాంతం చరిత్ర మీలో చాలామందికి తెలుసు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మనవాళ్లు వేలమంది పనిచేశారు. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అక్కడ కాంట్రాక్టు తీసుకుని వాళ్లకు కూలి ఇప్పించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందులో ఎక్కువమంది మాదిగలే. మా పూర్వీకులు ఆ రోజు ఆ ఏట్లో ఉన్నారో లేదో చెప్పే కాగితం మా ఇంట్లో లేదు. అమ్మమ్మ మాత్రం "మనోళ్లు ఏట్లో మునిగినోళ్లే" అనేది.

ఆమె బడికి పోలేదు. బైబిలూ, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమూ పట్టుకుని, అక్షరం కింద వేలు పెట్టి చదవడం నేర్చుకుంది. రాయడం రాలేదు. చదవగలిగి కూడా చివరిదాకా వేలిముద్రే వేసింది. పొగాకు రోజుల్లో బ్యారన్ దగ్గర కర్రలకు ఆకు కట్టేది. ఎన్ని కర్రలు కట్టిందో ఇంటికొచ్చి గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది. వారం చివర మేస్త్రీ లెక్క తక్కువ చెప్తే, "మా గోడ కాడికి రా, లెక్కపెట్టుకో" అనేది. మేస్త్రీ ఎప్పుడూ రాలేదు. ఆ గీతలున్న చోట సున్నం వేయనిచ్చేది కాదు. క్రిస్మస్‌కు ఇల్లంతా తెల్లగా ఉంటే ఆ మూల మాత్రం నల్లగా ఉండేది.

మిరపకోతలకు పోయినప్పుడు ఆసామి ఇంటి మనిషి ఎత్తు నుంచి చెంబుతో నీళ్లు పోస్తే దోసిట్లో పట్టి తాగేవాళ్లు. ఆదివారం పొద్దున చర్చిలో ప్రభువు బల్ల దగ్గర అందరితో పాటు రొట్టె తిన్న చేతులవి. సోమవారం పొద్దున అవే చేతులు దోసిలి పట్టాలి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. బతికినవాళ్లు చీరాలకు వచ్చి శిబిరంలో ఉన్నారు. మా పల్లె ఆడవాళ్లు ఇంటికింత బియ్యం పోగుచేశారు. ఆ మూట మోసుకుపోయిన వాళ్లలో అమ్మమ్మ ఒకతె. తిరిగొచ్చాక రెండు రోజులు అన్నం ముట్టలేదని మా అమ్మ చెప్తుంది. ఆ తర్వాతే మా ఇంట్లో యేసు ప్రభువు పటం పక్కన బాబాసాహెబ్ పటం వచ్చింది. రెండు పటాలకూ మధ్య ఒకటే బల్బు.

ఇక అసలు విషయం. అమ్మమ్మకు ఇద్దరు పిల్లలు. మా అమ్మ పెద్దది, మామయ్య చిన్నవాడు. అమ్మను బడిలో చేర్పించిన రోజు హెడ్మాస్టరు "మతం ఏంటి?" అని అడిగాడు. అమ్మమ్మ తడుముకోకుండా "యేసయ్య బిడ్డలం" అంది. ఆయన క్రైస్తవ అని రాశాడు. అబద్ధమాడకూడదని చర్చిలో నేర్చుకుంది, ఆడలేదు. ఆ ఒక్క మాటతో అమ్మ బీసీ-సీ అయింది. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకూ వాళ్ల సంతానానికీ ఇచ్చిన గ్రూపు అది. అందులో రిజర్వేషన్ 1 శాతం. ఎస్సీలకు 15 శాతం.

నాలుగేళ్ల తర్వాత మామయ్యను తీసుకుపోయింది. అప్పటికి వేరే హెడ్మాస్టరు వచ్చాడు. మనవాడే. "హిందూ అని రాస్తానమ్మా, పిల్లోడు బాగుపడతాడు" అన్నాడు. అమ్మమ్మ ఏమీ అనలేదు. ఆమె మౌనాన్ని ఆయన రిజిస్టర్లో ఎక్కించాడు.

ఒకే కడుపు, ఒకే గుడిసె, ఒకే దోసిలి. కాగితాల్లో మాత్రం రెండు కులాలు. మామయ్యకు హాస్టల్ సీటు వచ్చింది, డిగ్రీ అయింది, ఉద్యోగం వచ్చింది. మా అమ్మ పదో తరగతితో ఆగిపోయి, చివరికి అంగన్‌వాడీలో ఆయాగా చేరింది. నేను చదివిన చదువంతా బీసీ-సీ సర్టిఫికెట్ మీదే. మామయ్య పిల్లలు ఎస్సీ సర్టిఫికెట్ మీద చదువుతున్నారు. వాళ్ల మీద నాకు అసూయ లేదు. వాళ్లు ఎస్సీలే. నేనూ ఎస్సీనే. తేడా ఇద్దరు హెడ్మాస్టర్ల చేతిరాతలో ఉంది.

అమ్మమ్మ మాత్రం దాన్ని తన తప్పుగానే మోసింది. అమ్మతో "నీకు అన్నాయం చేశానమ్మా" అనేది. మామయ్యను చూసి దేవుడికి మొక్కి "నా నోరు మూసుకున్నందుకు క్షమించు ప్రభువా" అనేది. నిజం చెప్పినందుకు కూతురి దగ్గర, చెప్పనందుకు దేవుడి దగ్గర, రెండుచోట్లా దోషిగానే బతికింది. మామయ్య క్రిస్మస్ రోజు కూడా చర్చి లోపలికి రాడు. గేటు బయట వేపచెట్టు కింద నిలబడి పాటలు వింటాడు. ఎవరైనా ఫోన్ తీసి ఫొటో తీస్తుంటే పక్కకు తప్పుకుంటాడు.

దీనికంతటికీ మూలం 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాలు) ఉత్తర్వులోని మూడో పేరా. హిందూ మతం కాక వేరే మతం పాటించే వ్యక్తిని ఎస్సీగా పరిగణించకూడదని అందులో ఉంది. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు దారి తెరిచారు. దళిత క్రైస్తవులకు, దళిత ముస్లింలకు తెరవలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరా తీసేయమని సిఫారసు చేసింది. 2022లో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేశారు. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని తీర్మానించింది. 2025లో అదే రాష్ట్ర హైకోర్టు ఒక పాస్టర్ పెట్టిన అట్రాసిటీ కేసును కొట్టేస్తూ, మతం మారినవారికి ఆ చట్టం రక్షణ వర్తించదని చెప్పింది.

నేను పీహెచ్‌డీలో చేరాక ఆ పేరా తెలుగులో రాసి అమ్మమ్మకు ఇచ్చాను. వేలు పెట్టి రెండుసార్లు చదివింది. అర్థమైందా అని అడిగాను. "అంటే నేను మాదిగదాన్ని కాదంటనా?" అంది. కాగితం ప్రకారం కాదన్నాను. కాసేపాగి, "మరి ఎత్తు నుంచి నీళ్లు పోసినోళ్లకి ఈ కాయితం ఎవురూ చూపించలేదేందే?" అంది.

నా పరిశోధనలో ఇప్పటికి నాకు దొరికిన అన్ని వాదనల్లోకీ గట్టి వాదన అదే.

మనలో మనం కూడా ఒక మాట మాట్లాడుకోవాలి. దళిత క్రైస్తవులు వస్తే ఉన్న వాటా తగ్గుతుందని మన సభల్లోనే అంటారు. ఆ భయం అబద్ధం కాదు, ఉద్యోగాలు తగ్గిపోతున్న కాలం ఇది. కానీ దానికి జవాబు వాటా పెంచమని అడగడం. అక్కను బయట నిలబెట్టి తమ్ముడికి అన్నం పెట్టడం కాదు. "చర్చికి పోయేవాళ్లు అంబేద్కర్‌వాదులేంటి" అని నవ్వేవాళ్లకూ ఒక మాట. చీరాల శిబిరానికి బియ్యం మూట మోసినావిడ ఆదివారం ఆరాధన తప్పనిది.

ఇప్పుడు సమాధి సంగతి. అమ్మమ్మకు చర్చి పేరు ఒకటి, రేషన్ కార్డులో పేరు ఒకటి. బతికినన్నాళ్లూ అందరూ పిలిచింది చర్చి పేరుతోనే. సమాధుల పండుగకు పల్లెంతా సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించినప్పుడు ఆమె బండ ఒక్కటే ఖాళీగా ఉంది. సిలువ చెక్కి చర్చి పేరు రాస్తే, రేపు గిట్టనివాడెవడైనా ఫొటో తీసి మామయ్య పిల్లల సర్టిఫికెట్ల మీద ఫిర్యాదు పెట్టొచ్చు. కార్డు పేరు రాస్తే అది మా అమ్మమ్మ సమాధి కాదు. హైకోర్టు తీర్పు వార్త వచ్చాక మామయ్య భయం ఇంకా పెరిగింది.

కూడిక రాత్రి అందరూ పోయాక ముగ్గురం కూర్చున్నాం. "నీ ఇష్టం అక్కా, ఏ పేరైనా రాయించు" అన్నాడు మామయ్య. ఆ సర్టిఫికెట్ వల్ల నష్టపోయింది మా అమ్మ. చర్చి పేరే రాయిద్దామని అడిగే హక్కు ఎవరికైనా ఉంటే ఆమెకే ఉంది. అమ్మ గోడ మీద బొగ్గు గీతల వైపు చూస్తూ, "పిల్లోళ్ల చదువులు అయిందాకా ఆగుదాంలేరా. అమ్మకేం తొందర" అంది.

అమ్మ ఆగుతానంది. మిమ్మల్ని మాత్రం ఆగొద్దని అడగడానికి వచ్చాను. వచ్చే ఏప్రిల్ 14న మీ మీ ఊళ్లలో పెట్టే సభల్లో ఆ మూడో పేరా గురించి మాట్లాడండి. తీర్మానం చేయండి. ఆ పేరా పోయిన రోజు మళ్లీ మీ ముందు నిలబడి మా అమ్మమ్మ పేరు చెప్తాను.

జై భీమ్.