పోయిన దస్త్రముల పునరుద్ధరణము

(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



గ్రంథాలయోత్సవమున కావ్యమును గుఱించియో పురాణమును గుఱించియో ప్రసంగింతునని మీరు తలచియుందురు. నేడు నేనెత్తుకొన్న విషయము కంప్యూటరు. ఇది గ్రంథాలయమునకు పరాయిది కాదు. పుస్తకముల పట్టిక, చందాల లెక్క, మన యూరి వృద్ధులచే పాడించి భద్రపఱచిన పాటలు నేడు అందులోనే యున్నవి. ఆ పాడినవారిలో కొందఱు నేడు లేరు. యంత్రము మొరాయించినపుడు మరమ్మతు చేయువారు విండోసును మఱల నెక్కింతురు. పిమ్మట తెఱచి చూచినచో మన దస్త్ర మొక్కటియు కానరాదు. అప్పుడు చేయదగిన దేమి, చేయరాని దేమి యనునదియే నా మనవి.

మొదట నొక్కమాట. కానరాకుండుట వేఱు, నశించుట వేఱు.

డిస్కును ఫార్మాటు చేయకుండ విండోసును మఱల నెక్కించినచో, పాత సరుకును ఆ యంత్రమే యొక మూలకు చేర్చిపెట్టును. సీ డ్రైవునందు "విండోస్.ఓల్డ్" అను ఫోల్డరును తెఱవవలెను. అందు "యూజర్స్" అనుదానిలో మన పాత పేరుతో నున్న ఫోల్డరులో డాక్యుమెంట్లు, చిత్రములు, డెస్కుటాపు మీది వ్రాతలు కానవచ్చును. అనుమతి లేదని యంత్రము అడ్డగించినచో, అడ్మినిస్ట్రేటరు హోదాతో "కంటిన్యూ" అని నొక్కి ప్రవేశింపవచ్చును. కాని దీనికి గడువు కలదు. విండోస్ 10, 11 లలో సాధారణముగా 10 దినములు గడచిన పిమ్మట ఆ ఫోల్డరు తనంతట తానే తొలగిపోవును. కావున రేపు చూతమనక, నాడే నకలు తీసికొనవలెను.

డిస్కును ఫార్మాటు చేసియుండినచో చిక్కు పెద్దది. అయినను ఆశ పూర్తిగా వదలుకొననక్కఱలేదు. ఆవర్జా మొదట నుండు ఖాతాల సూచికను చించివేసినంత మాత్రమున లోపలి పద్దులు చెఱిగినట్లు కాదు. ఏ ఖాతా ఏ పుటలో నున్నదో తెలియదు, అంతియే. త్వరితపు ఫార్మాటు చేయు పని యిట్టిదే. అయితే సూచికలేని పుటలను యంత్రము ఖాళీ పుటలుగా నెంచి, వానిపై క్రొత్త పద్దులు వ్రాయును. వ్రాసినచోట పాతది మఱల రాదు.

కావున పోయినదని తెలిసిన వెంటనే యంత్రమును ఆపవలెను. వెదకు సాధనమును ఆ డిస్కుమీదికే దింపుట పెద్ద అనర్థము. డిస్కును ఊడదీసి వేఱొక కంప్యూటరునకు తగిలించి, అచట వెదకవలెను. టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ అనునవి ఉచితముగా లభించును. మైక్రోసాఫ్టువారు 2020లో విండోస్ ఫైల్ రికవరీ అను సాధనమును వెలువరించిరి. దొరకిన దస్త్రములను మూడవచోట దాచవలెను గాని, వెదకుచున్న డిస్కుమీదనే వ్రాయరాదు. ఫోటోరెక్ తెచ్చిన దస్త్రములకు పాత పేర్లుండవు. ఒక్కొక్కటి తెఱచి పోల్చుకొనవలెను. పూర్తి ఫార్మాటు చేసిన డిస్కునందు సున్నలు నింపబడియుండును గనుక వెదకి ఫలము లేదు. ఎస్.ఎస్.డి. డిస్కులలో ట్రిమ్ అను ఏర్పాటు వలన ఖాళీయన్న చోటులు శీఘ్రముగా తుడిచివేయబడును గనుక ఆశ స్వల్పము.

తెలుగువారికి వేఱొక చిక్కు కూడ కలదు. దస్త్రము దొరకినను, తెఱచినచో ఆంగ్లాక్షరములును వింతగుర్తులును కనబడును. చెడిపోయినదని పలువురు దానిని తీసివేయుదురు. అది చెడిపోలేదు. "అను" వంటి పాత ఫాంట్లతో అచ్చొత్తిన వ్రాత, ఆ ఫాంటు లేని యంత్రమున అట్లే కనబడును. ఫాంటును మఱల నెక్కించినచో తెలుగు ప్రత్యక్షమగును. పిమ్మట దానిని యూనికోడులోనికి మార్చి యుంచుట మేలు. 1991లో వెలువడిన తొలి కూర్పునుండియు యూనికోడునందు తెలుగునకు స్థానము కలదు.

అయ్యా, పోతనామాత్యుని భాగవతమున శిథిలమైన భాగములను గంగన, సింగన, నారయ పూరించిరని మనమెఱుగుదుము. కథ పూర్తియైనది. కాని పోతన పద్యము మఱల రాలేదు. మన పాటలును అట్టివే. ఆ పాటనే మఱియొకరు పాడవచ్చును. ఆ అవ్వ కంఠము మాత్రము మఱల రాదు.

నన్నయ 11వ శతాబ్దివాడు. ఆయన వ్రాయించిన తాటాకులు నేడు మనచేత లేవు. తరతరముల లేఖకులు నకలు వ్రాసినందున భారతము మనకు దక్కినది. 19వ శతాబ్దిలో బ్రౌను దొరయు పండితులను నియోగించి, తాళపత్రములు సేకరించి, నకళ్లు వ్రాయించెను. యంత్రము మాఱినను ధర్మము మాఱలేదు. ప్రతి దస్త్రమునకు మూడు ప్రతులు కావలెను. ఒకటి యంత్రమునందు, ఒకటి విడిగా దాచిన డిస్కునందు, ఒకటి యీ భవనమునకు వెలుపల మఱియొకచోట. నకలు ముగిసినంతనే విడి డిస్కును ఊడదీయవలెను. అప్పుడప్పుడు ఒక దస్త్రమును తెఱచి సరిచూడవలెను. చదువబడని నకలు నకలు కాదు.

నెలకొకమాఱు చందాల లెక్క సరిచూచు దినముననే యీ పనియు జరుగునట్లు, కార్యవర్గమువారు ఈ రజతోత్సవ సందర్భమున తీర్మానము చేయవలెనని ప్రార్థించుచున్నాను. ఖర్చు ఒక డిస్కు. శ్రమ ఒక గడియ.