రాతిలో మలచిన బడి: షార్త్ర్ ఆలయ సందర్శనం



డెబ్బదియైదేళ్ళు నిండిన పాఠశాల పండుగలో ఫ్రాన్సు దేశపు చర్చి ప్రస్తావన ఎందుకన్న ప్రశ్న సహజమే. ఆ చర్చి షార్త్ర్ పట్టణంలోని మేరీమాత మహాలయం. తొమ్మిది వందల ఏళ్ళ క్రితం అక్కడ ఆలయం నీడన యూరప్ అంతటా పేరుపొందిన ఒక బడి ఉండేది. ఆలయం నేటికీ నిలిచి ఉన్నది; బడి లేదు. ఈ రెండింటి కథ విద్యాలయాన్ని నడిపేవారు, అందులో చదివినవారు వినదగినది.

షార్త్ర్ పారిస్‌కు నైరుతి దిక్కున సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. దారిలో బోస్ మైదానపు గోధుమ చేలు కనుచూపు మేర పరచుకొని ఉంటాయి. యాత్రికునికి ఊరు కనబడక మునుపే ఆ చేల మీదుగా రెండు శిఖరాలు కనబడతాయి. అవి ఒకే తీరువి కావు. దక్షిణ శిఖరం 12వ శతాబ్దిది. నిరాడంబరంగా 105 మీటర్ల ఎత్తుకు లేచినది. ఉత్తర శిఖరాన్ని 16వ శతాబ్ది ఆరంభంలో జెహాన్ ద బోస్ అనే శిల్పి కట్టాడు. నిండా నగిషీలతో అది 113 మీటర్లకు చేరినది. మూడున్నర శతాబ్దాల తరువాత వచ్చిన ఆ శిల్పి పూర్వుని పనిని అనుకరించలేదు, పడగొట్టనూ లేదు. తన కాలపు శైలిలో దాని సరసన తన పనిని నిలిపాడు.

పడమటి ముఖాన ఉన్న మూడు వాకిళ్ళను రాజద్వారం అంటారు. అది 12వ శతాబ్ది మధ్యకాలపు శిల్పం. కుడి వాకిలి పైన బాలయేసును ఒడిలో ఉంచుకొని మేరీమాత కూర్చొని ఉన్నది. ఆమె చుట్టూ ఉన్న కమానులలో ఆనాటి ఏడు విద్యలు, అనగా వ్యాకరణం, తర్కం, వక్తృత్వం, అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళశాస్త్రం, స్త్రీమూర్తులుగా కొలువుదీరినవి. వ్యాకరణమూర్తి ఒక చేత పుస్తకం, మరొక చేత బెత్తం పట్టుకొన్నది. ఆమె పాదాల చెంత ఇద్దరు బాలురు ఉన్నారు. ఒకడు చదువులో మునిగి ఉండగా రెండవవాడు వాని జుట్టు పట్టి లాగుతున్నాడు. వీణాపాణియైన సరస్వతిని కొలిచే కన్నులకు బెత్తం పట్టిన విద్యామూర్తి వింతగా తోచవచ్చును గాని, ఆ జుట్టు లాగే పిల్లవాడు ఏ దేశపు ఉపాధ్యాయునికీ కొత్తవాడు కాడు. దేవుని వాకిట అల్లరి పిల్లవానికి కూడా చోటిచ్చిన ఆ శిల్పి పేరు ఎవరికీ తెలియదు.

ఈ శిల్పానికి మూలం అక్కడి బడియే. 11వ శతాబ్ది ఆరంభంలో ఫుల్బర్ట్ అనే ఆచార్యుడు దానికి ఖ్యాతి తెచ్చాడు. 1006లో ఆయనే షార్త్ర్ బిషప్ అయ్యాడు. 12వ శతాబ్దిలో బెర్నార్డ్, తియెరీ అనే ఆచార్యులు అక్కడ బోధించారు. ప్రాచీనుల ముందు తమ తరం మరుగుజ్జులమనీ, వారి భుజాలపై కూర్చున్నందుననే వారికంటె దూరం చూడగలుగుతున్నామనీ బెర్నార్డ్ చెప్పేవాడని జాన్ ఆఫ్ సాలిస్‌బరీ 1159లో వ్రాశాడు.

1194 జూన్ 10వ తేదీన మంటలు చెలరేగి ఆలయంలో అధికభాగం కాలిపోయినది. రాజద్వారం ఉన్న పడమటి భాగం, నేలమాళిగ మిగిలినవి. మేరీమాతదని భక్తులు నమ్మే వస్త్రం బూడిదైనదని పట్టణం విలపించినది. అది నేలమాళిగలో భద్రంగా ఉన్నదని తెలిసిన పిమ్మట, పునర్నిర్మాణానికి పూనుకొన్నారు. ముప్పది ఏళ్ళలోపుననే ప్రధాన కట్టడం లేచినది. 1260లో దానికి ప్రతిష్ఠ జరిగినది.

లోపల అడుగిడిన యాత్రికునికి మొదట చీకటి, పిదప క్రమంగా రంగులు కనబడతాయి. పైకప్పు 36 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నది. మొనదేలిన కమానులు ఆ రాతి కప్పు బరువును స్తంభాల మీదికి దింపుతాయి. ఆ బరువుకు గోడలు వెలుపలికి ఒరిగిపోకుండా, బయటినుండి రాతి వంతెనల వంటి కమానులు వాటిని ఒత్తి పట్టి ఉంచుతాయి. భారం ఇట్లు పంచుకొనుట చేతనే గోడలను తెరచి పెద్ద పెద్ద గాజుచిత్రాల కిటికీలు అమర్చుట సాధ్యమైనది. ఆ కిటికీల అడుగుభాగాన రొట్టెలు కాల్చేవారు, చెప్పులు కుట్టేవారు, వడ్రంగులు, నీళ్ళు మోసేవారు తమ తమ పనులలో కనబడతారు. రాజుల చిత్రాలున్న ఆలయంలోనే వారికీ శాశ్వతస్థానం దక్కినది.

దక్షిణపు వైపు వృత్తాకారపు మహాగవాక్షం క్రింద బెర్నార్డ్ మాటను తలపించే చిత్రం ఒకటి ఉన్నది. యెషయా, యిర్మీయా, యెహెజ్కేలు, దానియేలు అనే నలుగురు ప్రవక్తలు నిలువెత్తున నిలిచి ఉండగా, నలుగురు సువార్తికులు వారి భుజాలపై చిన్నపిల్లల వలె కూర్చొని ఉన్నారు. బెర్నార్డ్ గతించిన సుమారు నూరేళ్ళకు ఆ గాజు అమర్చబడినది.

అప్పటికి షార్త్ర్ బడి వైభవం తగ్గినది. విద్యార్థులు పారిస్ దారి పట్టారు. అక్కడ విశ్వవిద్యాలయం వెలసినది. ఆలయం మాత్రం తరతరాల పోషణతో నిలిచినది. 1836లో పైకప్పు కొయ్యదూలాలు కాలిపోగా ఇనుప చట్రం వేసి రాగి రేకులు కప్పారు. రెండు ప్రపంచయుద్ధాలలోనూ గాజుచిత్రాలను పలకపలకగా విప్పి భద్రపరచి, శాంతి నెలకొన్న పిమ్మట తిరిగి అమర్చారు. 1944 ఆగస్టులో ఆలయంలో జర్మన్ సైనికులు దాగి ఉన్నారని అమెరికన్ సేన అనుమానించినది. కర్నల్ వెల్‌బోర్న్ గ్రిఫిత్ స్వయంగా లోపలికి వెళ్ళి వెదకి, ఎవరూ లేరని తేల్చగా ఆలయానికి ఫిరంగుల ముప్పు తప్పినది. ఆగస్టు 16న, ఆ దినమే, సమీపంలోని లేవ్ గ్రామంలో ఆయన నేలకొరిగాడు. 1979లో ఈ ఆలయం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినది.

బడి ఆస్తికి అంతటి భాగ్యం కలుగలేదు. ఏడు విద్యల మూలగ్రంథాలను తియెరీ ఆచార్యుడు రెండు సంపుటాలుగా కూర్చి ఆలయానికి సమర్పించాడు. ఎనిమిది వందల ఏళ్ళు నిలిచిన ఆ వ్రాతప్రతులు 1944 మే నెలలో బాంబులు పడి పట్టణ గ్రంథాలయం తగులబడినపుడు నాశమైనవి. ఎవరో ముందుచూపుతో తీయించి ఉంచిన ఛాయాచిత్రాల వలననే వాటిలోని విషయం నేటి పండితులకు అందుతున్నది.

రాయి గట్టిది, కాగితం పెళుసుది అని ఈ కథకు అర్థం చెప్పుట చాలదు. గాజు కాగితం కంటె గట్టిది కాదు. విప్పి దాచినవారు ఉన్నందున అది మిగిలినది. తెలుగుసీమకు దూరంగా తెలుగు అక్షరం దిద్దించే పాఠశాలకు కూడా ఇదే వర్తిస్తుంది. డెబ్బదియైదేళ్ళ హాజరు పట్టీలు, పాత పాఠ్యపుస్తకాలు, చేవ్రాత పత్రికలు బీరువాలలో చెదలు పట్టక మునుపే ప్రతులు తీయించి భద్రపరచవలసిన బాధ్యత ఈ తరానిది. వాటిని మించి భద్రపరచవలసినది తరగతి గది. అందులో ఒక బాలుడు పుస్తకం చదువుతూ, మరొకడు వాని జుట్టు లాగుతూ ఉన్నంత కాలం బడి బ్రతికి ఉన్నట్లే. ఆ ఇద్దరినీ ఏటేటా బడికి పంపుట తల్లిదండ్రుల చేతిలో ఉన్నది.

స్వస్తి.